ఖాజా, బి. (1974)

ఎడిటర్ దగ్గర నుంచి కవరు వచ్చిందని అటెండరు చెప్పగానే రేవతి సగం తిన్న టిఫిన్ డబ్బాకు మూతపెట్టి లేచింది. చెయ్యి సరిగ్గా కడుక్కోకుండానే మెట్ల మీద నిలబడి కవరు చించింది. అచ్చు వేస్తామనో, వేయలేమనో ఏదో ఒకటి తేలిపోతుందనుకుంది. రెండూ కాలేదు. పని బాగుందన్నారు, పట్టికలు బాగున్నాయన్నారు. రిఫరెన్సులు మాత్రం మొత్తం తమ జర్నల్ పద్ధతిలో తిరగరాసి నెలాఖరులోగా పంపమన్నారు. దాంతోపాటు రెండు కాగితాల నిండా తప్పుల పట్టిక. వ్యాసంలో పేరు ఉండి చివరి జాబితాలో లేనివి, జాబితాలో ఉండి వ్యాసంలో ఎక్కడా కనబడనివి, పేరు ముందో ఇంటిపేరు ముందో తెలియనివి, పేజీ నంబర్లు లేనివి. ఒకదాని పక్కన మాత్రం ఎర్రసిరాతో గీత గీసి, "ఈ వ్యాసం మొదటి పేజీ నకలు జతచేయండి" అని చేత్తో రాశారు. అది ఖాజా, బి., 1974.

అది తొంభై తొమ్మిది మార్చి. తిరుపతిలో ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. రేవతి వేరుశనగలో ఆకుమచ్చ తెగులు మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఏర్పేడు దగ్గర శాంతయ్య అనే రైతు చేలో మూడేళ్ళపాటు పైరు పెట్టి, ముందు విత్తిన మడిలో తెగులు ఎంత, ఆలస్యంగా విత్తిన మడిలో ఎంత అని ఆకులు లెక్కపెట్టింది. ఆ పని మీద రాసిన వ్యాసం ఇది. ఇది అచ్చుకు తీసుకున్నారని కాగితం వస్తేనే థీసిస్ మీద సంతకం పెడతానని గైడు యోగానంద గారు ముందే చెప్పేశారు. వ్యాసంలో రెండో పేరు ఆయనదే. ఆయనకూ తొందర ఉంది. వేసవిలో ప్రొఫెసర్ ఇంటర్వ్యూలు.

ఆయన ఉత్తరం చదివి తేలిగ్గా నవ్వారు.

"దీనికెందుకమ్మా మొహం అట్ల పెట్టుకున్యావు? చుక్కలు, కామాలు. షాకిర్ దగ్గర కూర్చుంటే రెండు దినాల పని."

"ఈ ఖాజా పేపరు మొదటి పేజీ అడిగినారు సార్."

"ఆఁ, అది యాడైనా దొరుకుతాది. అందరూ చెప్పే పేపరే కదా. వెతుకు."

అందరూ చెప్పే పేపరే. వేరుశనగ ఆకుమచ్చ మీద ఎవరు ఏం రాసినా మొదటి పేరాలోనే ఆ వాక్యం వస్తుంది: ఆలస్యంగా విత్తితే తెగులు తగ్గుతుంది (ఖాజా, 1974). రేవతి కూడా రాసింది. రాసేటప్పుడు ఒక ముల్లు గుచ్చుకున్నట్టు ఉండింది. ఎందుకంటే ఆమె మొదటి ఏడాది పైరులో అదంతా తలకిందులైంది. ఆలస్యంగా విత్తిన మడిలోనే ఆకులు మాడి రాలిపోయాయి. ఆ లెక్కలు చూసి యోగానంద గారు, "మొదటేడు నీకు చెయ్యి తిరగలేదు. కొత్తలో అందరికీ అంతే. అది తీసేసి తక్కిన రెండేండ్లతో రాయి" అన్నారు. ఆ రెండేళ్ళలో తేడా అటూ ఇటూగా ఉంది. తీసేసింది. ముల్లు మాత్రం అక్కడే ఉండిపోయింది.

షాకిర్ డీటీపీ సెంటర్ భవానీ నగర్‌లో ఒక మేడ మీద ఇరుకు గది. గోడల నిండా పెళ్ళిపత్రికల నమూనాలు, బల్ల కింద థీసిస్‌ల కట్టలు. షాకిర్ ముప్పై ఏళ్ళ మనిషి, వేళ్ళు కీబోర్డు మీద వాన పడినట్టు పడతాయి. చూసి కొట్టడంలో తిరుగులేదు కానీ ఒక్కోసారి తొందరలో దారి తప్పుతాడు.

"పేర్ల మధ్య 'అండ్' ఉండకూడదన్యారు కదా మేడమ్, దాని బదులు '&' గుర్తు పెట్టమన్యారు. ఒక్క దెబ్బకి అన్నీ మార్చేసినా. సూడండి."

రేవతి చూసింది. ఇద్దరు రచయితలున్న చోటల్లా గుర్తు చక్కగా పడింది. అంతటితో ఆగలేదు. ఇంగ్లిషులో ఆ మూడక్షరాలు వరసగా ఎక్కడ కనిపిస్తే అక్కడంతా దూరింది. 'శాండ్' అన్న మాటలో ఇసుక పోయింది, 'ల్యాండ్' అన్న మాటలో నేల పోయింది. వ్యాసం మొదట్లో గైడు పేరు నడుమ విరిగి 'యోగాన్' అని ఒక ముక్క, ఆ తర్వాత కొక్కెంలాంటి గుర్తు, దాని వెనక దిక్కులేని ఒక 'ఎ'.

"షాకిర్! సార్ పేరు!"

షాకిర్ నాలుక కరుచుకున్నాడు. "అయ్యయ్యో. ఇది ఆయన సూస్తే నా గతేం గాను? ఒక్క నిమిషం, ఒక్క నిమిషం మేడమ్."

ఒక్క నిమిషం కాదు, మధ్యాహ్నమంతా పట్టింది. మధ్యలో కరెంటు పోయింది. చీకటి తెర ముందు కూర్చుని రేవతి కాళ్ళు ఊపుతూ, పెన్సిల్ కొరుకుతూ, తెచ్చుకున్న జిరాక్స్ కాగితాలను తిరగేసింది. ఖాజా పేపరును ఉదహరించిన వ్యాసాలు చాలానే ఉన్నాయి ఆ కట్టలో. మొదటి పేజీ దొరక్కపోతే కనీసం పేజీ నంబరైనా సరిచూసుకుందామని ఒక్కోటి తీసి చివరి జాబితా చూసింది. ఒకరు 112 నుంచి 118 అన్నారు. ఇంకొకరు 121 నుంచి 128. మరొకరు పేజీలే ఇవ్వలేదు. ఒక దాంట్లో జర్నల్ పేరే వేరు. పదేళ్ళ కిందటి వ్యాసమొకటి ఏకంగా 'ఆయన తన పరిశీలనలో' అని ఖాజా గారికి మీసాలు కూడా పెట్టింది.

వీళ్ళలో ఒక్కరూ ఆ పేపరు చూడలేదు. ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయారు. కాగితాలను ఏడాది వరసలో నేల మీద పరిచింది. కొత్తవాటి నుంచి పాతవాటికి పోతూ పోతూ చివరికి అన్నిటికన్నా పాతది చేతిలోకి తీసుకుంది. యోగానంద, 1979. సార్ మొట్టమొదటి పేపరు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె భర్త నరేంద్ర ఆమె పళ్ళెం వైపు చూసి నవ్వాడు. శ్రీకాళహస్తిలో జూనియర్ లెక్చరర్ అతను, లెక్కలు చెబుతాడు.

"అన్నంలో వేలితో కామాలు పెడతాండావు."

"నేను రేపు మద్రాసు పోతాను. ఖాజా పేపరు వచ్చిన జర్నల్ పాత సంపుటాలు ఆడ పాత లైబ్రరీలో ఉండాయని చెప్పినారు."

"ఒక్క పేజీ కోసమా?"

"ఒక్క పేజీ కోసమే. అది చూడందే నాకు నిద్ర పట్టేట్టు లేదు."

పొద్దున్నే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కింది. కిటికీ పక్కన సీటు దొరికినా కూర్చోలేకపోయింది. పుత్తూరు దాకా తలుపు దగ్గరే నిలబడింది. నగరి దగ్గర లుంగీల మూటలతో నేతగాళ్ళు ఎక్కి, నడిమధ్యలో మూటలు దించి, తమిళంలో సగం తెలుగులో సగం నూలు ధర గురించి మాట్లాడుకుంటున్నారు. ఒకాయన ఆమెను చూసి, "ఏమ్మా, ఉట్కారు, మూట మీద కూసో, పరవాలే" అన్నాడు. కూర్చుంది. మళ్ళీ లేచింది. అరక్కోణం దాటేసరికి తనలో తనే వాదన పెట్టుకుంది. పేపరు దొరక్కపోతే ఏం చేయాలి? దొరికి, అందులో అందరూ చెప్పిందే ఉంటే? అప్పుడు మొదటి ఏడాది నిజంగా తన చేతకానితనమే అవుతుంది. అదీ మంచిదే, మనసు కుదుటపడుతుంది. అలా అనుకుంది కానీ కుదుటపడలేదు.

లైబ్రరీలో సంపుటం దొరికింది. అట్ట ఊడిపోయి, దారంతో కట్టి ఉంది. 112వ పేజీలో చెరకు గురించి ఏదో ఉంది. 121లో నిమ్మ. రేవతి చివరి పేజీ నుంచి వెనక్కి తిప్పింది, మొదటి నుంచి ముందుకు తిప్పింది. 87వ పేజీలో, ఒక పెద్ద వ్యాసం అయిపోయాక మిగిలిన చోటులో ఇరికించినట్టు, చిన్న గమనిక. మరుసటి పేజీ సగంలోనే ముగిసిపోయింది. రాసినవారు ఎస్. ఖాజాబీ.

ఖాజా, బి. కాదు. ఖాజాబీ. ఆడమనిషి. ఎవరో ఆ పేరును నడుమ విరిచి, ఖాజాను ఇంటిపేరు చేసి, బీని పొడి అక్షరం చేసి, ముందున్న ఎస్‌ను పారేశారు.

రేవతి చదివింది. ఆలస్యంగా విత్తిన మడుల్లో ఆకుమచ్చ ఎక్కువగా కనిపించింది. ఎక్కువగా. కళ్ళు తప్పు చదివాయేమోనని వేలు పెట్టి ఒక్కో మాట మీదుగా మళ్ళీ చదివింది. ఎక్కువగానే. చివరి వాక్యం ఇలా ఉంది: ఇది ఒక్క ఏడాది ఫలితం మాత్రమే, మరికొన్ని ఏళ్ళు చేసి చూడాలి.

జిరాక్స్ తీసే మనిషి వచ్చేదాకా ఆ పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరిగింది. ఏడుపు వచ్చేట్టుంది, నవ్వు వచ్చేట్టుంది. తన మొదటి ఏడాది చేను కళ్ళ ముందు ఆడింది. మాడిన ఆకులు, శాంతయ్య గట్టు మీద కూర్చుని, "ఏందమ్మా, నువ్వేమో తెగులు తగ్గుతాదంటివి, నా చేను సూడు ఎట్లయిందో" అన్న మాట.

మరుసటి రోజు యోగానంద గారి గదిలో ఆ రెండు కాగితాలు బల్ల మీద పెట్టింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చదివారు. అయ్యాక కాగితం తిప్పి వెనక వైపు చూశారు, అక్కడ ఇంకేదైనా ఉందేమోనన్నట్టు.

"ఈమె మీకు తెలుసా సార్?"

"మా సీనియర్." కాగితం బల్ల మీద పెట్టారు. "తర్వాత చిత్తూర్లో ఏదో గర్ల్స్ స్కూల్లో సైన్స్ టీచరుగా చేరిందని విన్నా."

"మీ డెబ్బై తొమ్మిది పేపర్లో ఈమె చెప్పినదానికి తలకిందులుగా ఉంది సార్. తర్వాత వాళ్ళందరూ…"

"నాకు తెలుసమ్మా నేను ఏం రాసినానో." గొంతు లేచింది. వెంటనే తగ్గించారు. "మా గైడు చెప్పినాడు. విత్తే కాలం మీద ఖాజాబీ పేపరొకటి ఉండాది, అది పెట్టు అని. పెట్టినా. అప్పుడందరూ అనుకునేది అదే కదా, ఆలస్యంగా విత్తితే మంచిదని. ఆమె కూడా అదే చెప్పింటాదనుకున్యా."

ఫ్యాను కిర్రుమని తిరుగుతోంది. ఆయన లేచి కిటికీ తీసి మళ్ళీ మూశారు.

"ఇప్పుడేం చేద్దాం సార్?"

"ఏముంది? ఆ వాక్యం కొట్టెయ్, ఆ రిఫరెన్సు కొట్టెయ్. తక్కినవి సరిచేసి పంపించు. లేనిదానికి నకలు ఎవురూ అడగరు."

"మొదటేడు లెక్కలు మళ్ళీ పెడతాను సార్. అవి తప్పు కాదేమో. ఈమెకూ అట్లే వచ్చింది."

"రేవతీ." ఆయన పేరు పెట్టి పిలిస్తే కోపం వచ్చినట్టు. "అన్నీ తిరగరాసి, నా పేపరే తప్పని నువ్వే చాటుతావా? వేసవిలో ఇంటర్వ్యూ పెట్టుకోని? అట్ల రాసేదుంటే నా పేరు తీసేసి రాసుకో. సంతకం మాత్రం అడగొద్దు."

ఆమె కాగితాలు తీసుకుని బయటికి వచ్చింది. లైబ్రరీకి పోయి కూర్చుంది, లేచింది. క్యాంటీన్‌కి పోయి టీ చెప్పి తాగకుండా వచ్చేసింది. ఆయన చెప్పింది చేస్తే వారంలో అంతా అయిపోతుంది. ఒక్క వాక్యం కొట్టేయడమే. ఆ మాట మీద రైతులు అదును దాటిపోయేదాకా విత్తనాలు చేతిలో పట్టుకుని కూర్చుంటున్నారు. దాన్ని కొట్టేస్తే తన వ్యాసంలో ఉండదు, అంతే. తక్కిన అన్ని వ్యాసాల్లోనూ ఉంటుంది.

మరునాడు చిత్తూరు బస్సెక్కింది.

గర్ల్స్ స్కూల్ అంటే చిత్తూర్లో ఒకటి కాదు. మొదటి చోట అలాంటివారెవరూ లేరన్నారు. రెండో చోట గేటు దగ్గరి మనిషి, "ఖాజాబీ టీచరమ్మనా? తొమ్మిదో తరగతిలో ఉండారు. గొంతు ఇనబడతాంది కదా, ఆ గొంతు పట్టుకోని పో" అన్నాడు. ఆ గొంతు నిజంగానే వరండా అంతా వినబడుతోంది. ఎవరో పిల్ల ఆకు బొమ్మలో ఈనె తప్పు గీసిందట.

గంట కొట్టాక ఆమె బయటికి వచ్చింది. యాభై దాటిన మనిషి, పొడవు, చీర అంచు మీద సుద్దపొడి. రేవతి తనెవరో చెప్పింది. ఏ విషయం మీద వచ్చిందో చెప్పింది. ఖాజాబీ ముందు అర్థం కానట్టు చూసింది.

"నా పేపరా? అది ఎవురు సదివినారమ్మా? నేనే మర్చిపోయినా."

స్టాఫ్ రూంలో బల్ల మీద రేవతి కాగితాలన్నీ పరిచింది. ఖాజాబీ ఒక్కోటి తీసి, రేవతి పెన్సిల్‌తో గీత గీసిన చోట చదివింది. 'ఆయన తన పరిశీలనలో' అన్న దగ్గర పెద్దగా నవ్వింది. పక్క బల్ల టీచర్లు తిరిగి చూశారు.

"సూడండమ్మా, నన్ను మొగోణ్ణి చేసేసినారు ఈ మారాజులు!"

అందరికీ చూపించింది. నవ్వు అయ్యాక ఇంకో కాగితం తీసింది, ఇంకోటి తీసింది. మెల్లగా మొహం మారింది.

"ఇదేంది? ఆలస్యంగా విత్తితే తగ్గుతాదని నేను చెప్పినానా?"

"అందరూ అట్లే రాసినారు మేడమ్."

"నేను చెప్పింది ఎక్కువైతాదని కదా!" బల్ల మీద అరచేత్తో కొట్టింది. "ఎండలో కూర్చోని ఆకులు లెక్కపెట్టింది నేను. నా పేరు ఇరగ్గొట్టినారు సరే, పోనీ. నా మాట ఎట్ల తిప్పుతారు? నేను చెప్పంది నా పేరు మీద ఇన్నేండ్లు చెప్పుకున్యారా?"

ఖాజాబీ ఆ కాగితాలను ఒక కట్టగా సర్ది, మళ్ళీ చెదరగొట్టి, అన్నిటికన్నా పాతదాన్ని పైకి తీసింది.

"యోగానందమా ఇది రాసింది? వాడు నా ఎనక బల్లలోనే కూర్చునేవాడు. నోరు తెరిచి అక్కా ఏం వచ్చిందని అడిగింటే చెప్పనా నేను?"

"మీరెందుకు ఆపేసినారు మేడమ్? ఇంకా చేసి చూడాలని రాసినారు కదా."

"భూమి ఇయ్యలేదు. అందరికీ తెలిసిన దానికి మళ్ళీ ఎందుకమ్మా అన్నారు. నా పైరు ఏదో తప్పు జరిగింటాదన్నారు. నేనూ కొంచెం నమ్మినా." ఆమె కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. "ఇంట్లో పసిబిడ్డ. ఈ ఉద్యోగం వచ్చింది. వచ్చేసినా."

ఆ మాట రేవతిని కదిలించేసింది. నీకు చెయ్యి తిరగలేదు అన్నమాట ఆమె చెవుల్లో ఇంకా ఉంది. తన మొదటి ఏడాది లెక్కల కాగితం సంచిలోంచి తీసి ఖాజాబీ ముందు పెట్టింది. మధ్యాహ్నం తరగతి గంట కొట్టినా ఖాజాబీ లేవలేదు. వరసల మీద వేలు పెట్టి పోతూ, తనలో తను ఏదో లెక్క వేసుకుంటూ, "ఊఁ… ఊఁ…" అంటూ చదివింది. చివరికి తలెత్తి, "దీన్ని తీసేసినావా?" అంది.

"తీసేసినాను మేడమ్."

"మళ్ళీ పెట్టు" అంది ఖాజాబీ. గొంతులో కోపం లేదు. రేవతికి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

తిరిగి వచ్చాక రేవతి వ్యాసం మొదటి నుంచి రాసింది. మూడేళ్ళ లెక్కలూ పెట్టింది. ఖాజాబీ నిజంగా చెప్పిందేమిటో రాసింది. పాత తప్పు ప్రస్తావన దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. 'కొందరు పరిశోధకులు దీన్ని వేరే విధంగా ఉదహరించారు' అని రాసి, ఆ వాక్యం నచ్చక, ఇంకోలా రాయడానికి ధైర్యం చాలక, అలాగే వదిలేసింది. యోగానంద గారు సెలవు పెట్టారు. ఇంటికి ఫోన్ చేస్తే ఊళ్ళో లేరన్నారు. ఆయన సంతకం లేకుండా డిపార్ట్‌మెంట్ నుంచి కాగితం కదలదు. నెలాఖరు దగ్గరికి వచ్చేసింది.

ఆ రోజు మధ్యాహ్నం షాకిర్ దగ్గర కూర్చుని జాబితాలో ఆఖరి పేర్లు సరిచేయిస్తోంది. ఎండ మండిపోతోంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు విని ఎవరో పెళ్ళిపత్రిక కోసం వచ్చారనుకుంది. తలుపులో యోగానంద గారు. చొక్కా చెమటకు అతుక్కుపోయి ఉంది. షాకిర్ గబగబా లేచి కుర్చీ ఇచ్చాడు.

"ఏది, చూపించు."

షాకిర్ తెర మీదికి మొదటి పేజీ తెచ్చాడు. ఆయన చదువుతూ, చెయ్యి ఊపినప్పుడల్లా షాకిర్ కిందికి జరిపాడు. రేవతి గోడకు ఆనుకుని నిలబడింది. 'కొందరు పరిశోధకులు' అన్న దగ్గర ఆయన చెయ్యి ఊపలేదు.

"ఈ కొందరు ఎవురు?"

రేవతి చేతిలోని జాబితాను మడిచింది.

"చిత్తూరు పోయినావా?"

"పోయినాను సార్."

"ఏమన్నాది ఆమె? నన్ను?"

"నోరు తెరిచి అడిగింటే చెప్పనా అన్నారు సార్."

ఆయన తెర వైపే చూస్తున్నారు. షాకిర్ ఎటు చూడాలో తెలియక కీబోర్డు మీది దుమ్ము ఊదాడు.

"కొందరు అని రాయొద్దు" అన్నారు చివరికి. "కొట్టప్పా. 'యోగానంద (1979) ఈ ఫలితాన్ని తలకిందులుగా ఉదహరించారు, తర్వాతి వ్యాసాల్లో అదే కొనసాగింది' అని కొట్టు. వాళ్ళంతా నన్ను చూసే కదా రాసినారు."

షాకిర్ రేవతి వైపు చూశాడు. ఆమె తలూపింది. వేళ్ళు కదిలాయి. యోగానంద గారు ఆ వాక్యం చదివి, ఒక మాట మార్పించి, మళ్ళీ చదివి, జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టే కాగితం అడిగారు. సంతకం పెట్టి మెట్లు దిగిపోయారు. రేవతి వెనకే మెట్ల దాకా పోయి, తిరిగి వచ్చి తెర ముందు కూర్చుంది.

ముగింపే మారిపోయింది కాబట్టి మళ్ళీ పరీక్షకు పంపుతున్నామని జర్నల్ వాళ్ళు రాశారు. అది తిరిగి వచ్చేసరికి ఏడాది మారింది. ఈలోగా ఆమె ఫెలోషిప్ గడువు అయిపోయింది. పుత్తూరులో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతూ రోజూ బస్సులో పోయివచ్చింది. యోగానంద గారికి ఆ వేసవిలో ప్రొఫెసర్ పదవి రాలేదు. ఎందుకు రాలేదో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయి. పని మాత్రం ఆయన ఆపలేదు. థీసిస్ ఒక్కో అధ్యాయం చదివి, అంచుల్లో చిన్న అక్షరాలతో రాసి పంపేవారు. ముందెప్పుడూ అంత శ్రద్ధగా చదవలేదు.

వ్యాసం అచ్చుకు తీసుకున్న కాగితం వచ్చాక వైవా పెట్టారు. రేవతి చిత్తూరు స్కూలుకు ఫోన్ చేసి తేదీ చెప్పింది. ఖాజాబీ, "సెలవు దొరికితే సూస్తా" అంది.

బెంగళూరు నుంచి వచ్చిన ఎగ్జామినర్ మెత్తని మనిషి. అడగవలసినవి అడిగి, బాగుందని మెచ్చుకుని, మర్యాద కోసం సభ వైపు తిరిగి ఎవరికైనా ప్రశ్నలున్నాయా అన్నాడు. మామూలుగా ఎవరూ అడగరు. అందరి చూపూ బయట పెట్టిన మిక్చర్, కాఫీ మీద ఉంటుంది. వెనక వరసలో ఒక చెయ్యి లేచింది.

యోగానంద గారు తిరిగి చూశారు. కుర్చీలోంచి సగం లేచి, అలాగే ఆగిపోయారు. ఖాజాబీ ఆయన వైపు ఒకసారి తల పంకించి రేవతి వైపు తిరిగింది.

"నీ మొదటేడు వానలు ఎక్కువ. తక్కిన రెండేండ్లు తక్కువ. మొదటేడు ఆలస్యంగా విత్తిన మడిలో తెగులు పెరిగింది. అది ఆలస్యానికి పెరిగిందా, వానకి పెరిగిందా?"

రేవతి ఆరునెలలుగా ఇలాంటి రోజు కోసం సమాధానాలన్నీ కూడబెట్టుకుంది. ఇది వాటిలో లేదు. ఖాజాబీ తనను సమర్థించడానికి వచ్చిందనుకుంది. పట్టికలున్న బోర్డు వైపు తిరిగి చూసింది, వాన లెక్కలు చూసింది. ఎగ్జామినర్ ముందుకు వంగాడు.

"తెలియదు మేడమ్" అంది. "ఈ లెక్కలతో విడదీసి చెప్పలేను."

"నేనూ చెప్పలేను" అంది ఖాజాబీ. "నాదీ ఒక్క ఏడే, అదీ వానల ఏడే. కాబట్టి అందరూ చెప్పింది తప్పని మాత్రం తెలిసింది. మనం చెప్పేది నిజమని ఇంకా తేలలేదు. ఎప్పుడు చేస్తావు మళ్ళీ?"

ఎవరో నవ్వారు. రేవతికి కూడా నవ్వొచ్చింది. డిగ్రీ ఇంకా చేతికి రాకముందే మళ్ళీ ఏ నెలలో విత్తాలి, ఎన్ని మడులు కట్టాలి అని మనసు పరుగెత్తింది. అందుకు కోపమూ వచ్చింది, ఆశా పుట్టింది.

"నీళ్ళు పెట్టే మడులు, పెట్టని మడులు పక్కపక్కన వేస్తే తెలుస్తాది" అన్నారు యోగానంద గారు, ఎవరూ అడగకుండానే. కూర్చున్న చోటి నుంచే, ఖాజాబీ వైపు చూడకుండా. "భూమి నేను రాయించి ఇప్పిస్తా. శాంతయ్య చేను వద్దంటే మన ఫారంలో."

"శాంతయ్య చేనే కావాల" అంది రేవతి.

వేసవి సెలవులు ఇంకా అయిపోకముందే, ఒక ఆదివారం ముగ్గురూ ఏర్పేడు పోయారు. తొలకరి ఇంకా పడలేదు. దున్నిన చేను గడ్డలు గడ్డలుగా ఉంది. శాంతయ్య వాళ్ళను చూసి తుండుగుడ్డ భుజాన వేసుకుని, "మళ్ళా వస్తిరా తల్లీ! ఈసారి ఎప్పుడు విత్తమంటావు, ముందా, ఎనకనా?" అన్నాడు.

"రెండూ, నాయనా" అంది రేవతి.

ఖాజాబీ అప్పటికే చెప్పులు చేత పట్టుకుని గట్టు దిగి, నీళ్ళు ఎటు పల్లమో చూస్తూ చేలోకి నడిచింది. యోగానంద గారు టేపు చుట్ట పట్టుకుని వెనక నిలబడ్డారు. ఆమె వెనక్కి తిరిగి చూడకుండా, "టేపు యాడుండాది? ఇటు పట్టు యోగానందం" అని కేకేసింది. ఆయన చెప్పులు విప్పి గబగబా దిగారు.